పత్తి కాంటా

"దిగు. మళ్లీ ఎక్కు."

సోని దిగింది. మళ్లీ ఎక్కింది. ఈసారి రెండు కాళ్లూ దగ్గరగా పెట్టుకుని, ఊపిరికి కూడా బరువుంటుందన్నట్టు బిగబట్టి నిలబడింది.

యాభై కిలోల వంద గ్రాములు.

మూడుసార్లకూ అంకె మారలేదు. కోచ్ జయప్రకాశ్ కాంటా ముందు గొంతుక్కూర్చుని ఉన్నాడు. లేవలేదు.

"నిన్న సాయంత్రం నాకు ఫోన్ల ఎంతని చెప్పినవ్?"

"నలభై ఎనిమిదీ వంద, సార్."

"మొన్న?"

"సరిగ్గా నలభై ఎనిమిది."

"మరి తండా నుంచి ఖమ్మం వచ్చేలోపల రెండు కిలోలు బస్సుల ఎక్కినయా? టికెట్ తీసుకున్నయా వాటికి?"

ఖమ్మం ఖానాపురం హవేలిలో మేడ మీద రెండు గదుల పోర్షను అది. సోని అన్న తిరుపతి, వదిన భాను కిరాయికి ఉంటున్నారు. ముందుగదిలో మంచం గోడకు నిలబెట్టి కాంటాకు చోటు చేశారు. గుమ్మం దగ్గర తల్లి జమ్లి, బయట మెట్ల మీద తండ్రి దేవ్లా. నిన్న రాత్రి బండికి ముగ్గురూ కలిసే వచ్చారు, కూతురు రాష్ట్ర జట్టుకు ఎంపికైతే కళ్లతో చూడాలని.

సాయంత్రం ఐదింటికి బరువులు చూస్తారు. రేపు పొద్దున జూడో కుస్తీలు. నలభై ఎనిమిది దాటి ఒక్క పిసరు ఎక్కువున్నా పేరు కొట్టేస్తారు. జనవరి వస్తే సోనికి జూనియర్లలో ఆడే వయసు దాటిపోతుంది.

"యాభై రెండు కిలోల్ల ఆడించొచ్చు గద సార్?" అన్నాడు తిరుపతి.

"పేర్లు మొన్ననే మూసేసిండ్రు. తెరిచి ఉన్నా పంప. ఆ బరువుల ఇది చిన్నదైతది. పోయినేడు జియు-జిట్సు కుస్తీల పతకం తెచ్చిందంటే, జూడోల ఇంతదూరం వచ్చిందంటే, ఈ నలభై ఎనిమిదిల ఇంత పొడుగున్న చేతులు ఇంకెవరికీ లేకనే."

జయప్రకాశ్ లేచాడు. జమ్లి వైపు తిరిగాడు.

"ఏం పెట్టినవమ్మా పిల్లకు?"

"రొట్టె పెట్టిన." జమ్లి గొంతులో భయం లేదు. "ఎప్పుడు పెట్టేదే పెట్టిన."

"ఎన్ని?"

"పోయిన వారం నలభై ఏడున్నరే ఉన్నది. ఆటకు బలముండాలె గదా అని ఒక రొట్టె ఎక్కువ పెట్టిన. ఒక్కటే."

"యాడీ!" తిరుపతి తల్లి మీద అరుస్తూ గోడను చేత్తో గుద్దాడు. "నీకెన్నిసార్లు చెప్పిన్నే? ఒక్క రొట్టె అంటవ్. అన్నం అడిగితే అన్నం, కూర అడిగితే కూర. అది అడగకున్నా నువ్వే పెడ్తవ్."

"నా బిడ్డకు నేను పెట్టకపోతే ఎవరు పెడ్తరు రా? కాంటా చూసే పెట్టిన. లెక్క తప్పలే."

"మరి ఇదెక్కడిది?"

జమ్లి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

భాను ఇంతసేపూ ఆడబిడ్డ నడుం వైపు చూస్తోంది. సోని పాత ట్రాక్ ప్యాంటు నాడా, నెలన్నర కిందట ఇక్కడి నుంచి వెళ్లేటప్పుడు ఏ ముడి దగ్గర బిగించిందో ఇప్పుడూ అక్కడే బిగించింది. ఆ ముడి దగ్గర బట్ట నలిగి తెల్లబడింది. మెడ కింది ఎముకలు ఎప్పటిలాగే తేలి ఉన్నాయి. రెండు కిలోలు పెరిగిన మనిషికి ఎక్కడో ఒకచోట కనబడాలి.

"సార్, మీ కాంటా మంచిదేనా?" అంది భాను నెమ్మదిగా.

జయప్రకాశ్‌కు ఆ మాట గుచ్చుకుంది. కాంటాతో పాటు ఆయన ఎప్పుడూ ఒక ఇరవై కిలోల ఇనప బిళ్ల మోసుకొస్తాడు. ఎక్కడికి వెళ్లినా ముందు ఆ బిళ్ల పెట్టి చూసి, ఆ తర్వాతే పిల్లల్ని ఎక్కిస్తాడు. బిళ్ల తెచ్చి దభీమని కాంటా మీద పెట్టాడు.

ఇరవై. సున్నా సున్నా.

"చాలా?"

"మీది మంచిదే సార్." భాను అత్తగారి వైపు తిరిగింది. "అత్తా, నువ్వొకసారి ఎక్కు."

"నేనెందుకే? నేనేమన్న పట్లు పట్టాల్నా?"

"ఎక్కు అత్తా."

జమ్లి చెప్పులు విడిచి, కాంటాకు ఓసారి చెయ్యి తాకించి కళ్లకద్దుకుని ఎక్కింది.

యాభై ఆరూ రెండు వందలు.

"తండాల ఎన్నడన్న జోకించుకున్నవా?"

"మొన్న సోని ఎక్కినంక నేను గూడ ఎక్కిన, నవ్వులకు. యాభై నాలుగున్నది." ఆ మాట అంటూనే జమ్లి ఆగిపోయింది. "రెండు రోజుల్ల నేనేం తిన్ననే?"

కింద వీధిలో షేర్ ఆటోవాడు బైపాస్, బైపాస్ అని అరుస్తున్నాడు.

ప్రాక్టీసు చేసుకునే హాలును పెళ్లిళ్లకు ఇచ్చేయడంతో సోని నెలన్నరగా తండాలోనే ఉంది. అడవి రోడ్డు మీద పరుగు, చింతకొమ్మకు తాడు కట్టి ఎక్కడం, మూడు రోజులకోసారి, చివర్లో రోజూ బరువు. తండాకంతటికీ ఉన్న కాంటా ఒక్కటే. పత్తి కొనే వెంకటనారాయణ, తండా మొదట్లో రేకుల షెడ్డు వేసి పెట్టిన కాంటా. పత్తి నింపిన బోరాలు దించి, దాని మీదే సోని ఎక్కేది. పత్తి జోకించుకోవడానికి వచ్చినవాళ్లు చుట్టూ చేరి, మన పిల్ల ఎంతుందో అని అంకె చదివేవాళ్లు.

"సేటు కాంటా తక్కువ చూపుతది," అంది భాను.

"ఏయ్," అన్నాడు జయప్రకాశ్. గొంతు తగ్గించాడు. "ఆ మాట ఈ గది దాటొద్దు. మన జిల్లా జూడో సంఘానికి ఆయనే అధ్యక్షుడు. సోని తొడుక్కునే డ్రెస్ ఆయన కొనిచ్చిందే. నేను ఇచ్చిన ఆటగాళ్ల జాబితా మీద సంతకం ఆయనదే."

"అయితే?" అన్నాడు తిరుపతి.

"అయితే ఏంది? నీకు కాంటా కావాల్నా, చెల్లెలు ఆడుడు కావాల్నా? ఆయన సంగతి ఎల్లుండి చూద్దాం. ఇప్పుడు పది గంటలైంది. ఐదింటికల్లా రెండు కిలోలు పోవాలె." జయప్రకాశ్ సోని ముఖంలోకి చూశాడు. "పోతదా?"

"పోతది సార్."

"నీళ్లు బంద్. చుక్క కూడా. నేను హాలు కాడికి పోవాలె, బయటి జిల్లాల పిల్లలు వస్తుండ్రు. కాంటా, బిళ్ల ఇక్కడనే ఉండనీ."

*

సోని ఇంట్లో ఉన్న స్వెటర్లు రెండూ వేసుకుంది. వాటి మీద తిరుపతి రెయిన్‌కోటు. దాని మీద దుప్పటి. డిసెంబరు ఎండకు చెమట తొందరగా పట్టదు. సోని కింది వరండా నుంచి డాబా దాకా మెట్లెక్కుతోంది, దిగుతోంది. ప్లాస్టిక్ కోటు చప్పుడు, ఆమె ఊపిరి చప్పుడు తప్ప ఇంట్లో మరో మాట లేదు.

కింది పోర్షను ఆవిడ ఉండబట్టలేక బయటికొచ్చింది. "ఏమైందమ్మాయ్, పిల్లకు చలిజ్వరమా?"

"పోటీ ఉందండీ," అంది భాను.

"మా వాడికీ పోటీలే. బాగా తినమంటారు." ఆవిడ తలుపేసుకుంది.

పన్నెండింటికి నలభై తొమ్మిదిన్నర. రెండింటికి నలభై తొమ్మిది. ఆ తర్వాత అంకె కష్టంగా కదిలింది.

డాబా మీద నీళ్ల ట్యాంకుకు వీపు ఆనించి సోని కూలబడింది. ఒళ్లో స్టీలు గ్లాసు. నోట్లో చింతపండు. ఊరిన ఉమ్మి గ్లాసులోకి ఊస్తోంది. అదీ బరువే. పెదవులు తెల్లగా పగిలి ఉన్నాయి. భాను ఆమె చెయ్యి పట్టుకుని చూసింది. వేళ్లు చల్లగా ఉన్నాయి. గుండె మాత్రం మణికట్టు దగ్గర పరిగెడుతోంది.

జమ్లి ఎదురుగా చతికిలబడి కూతురినే చూస్తోంది.

"నీ ఆటల అవతలి పిల్లను కిందపడేసి చెయ్యి మెలిపెడ్తవ్ గద. ఆ పిల్ల నేల మీద చెయ్యి కొడితే వదిలేస్తవ్."

"అవ్."

"కొట్టంగనే వదుల్తవా?"

"కొట్టంగనే వదలాలె యాడీ. లేకుంటే ఇరుగుతది."

"మరి నువ్వెప్పుడు కొడ్తవే నేల?"

సోని గ్లాసు కింద పెట్టింది. నవ్వబోయింది. పెదవి చిట్లి రక్తం కనబడింది.

"నేను కొడితే ఎవరు వదుల్తరు యాడీ?"

జమ్లి ముఖం తిప్పుకుంది. పత్తికాయల మొనలు గీరీ గీరీ గట్టిపడ్డ వేళ్లతో కూతురి పాదాలకు అంటిన సున్నం తుడవడం మొదలుపెట్టింది. అక్కర్లేకపోయినా తుడుస్తూనే ఉంది.

సోని లేచింది. దుప్పటి మళ్లీ కప్పుకుంది.

*

భాను కిందికి దిగేసరికి దేవ్లా పొద్దున్నించీ ఉన్నచోటే ఉన్నాడు. మెట్టు మీద, గోడవార. సోని ఎక్కి దిగేటప్పుడల్లా మోకాళ్లు దగ్గరికి ముడుచుకుని దారిస్తున్నాడు. చేతిలో బీడీ వెలిగించలేదు.

"కోడలా."

"ఏంది మామా?"

"నూటికి ఎంత పోతదే?"

భాను అంతకుముందే మనసులో లెక్క చేసి ఉంది.

"నాలుగు మామా. నూరు కిలోలకు నాలుగు."

దేవ్లా తల ఊపాడు. సోని రెండుసార్లు ఎక్కి దిగింది.

"పదకొండేండ్ల సంది ఆ కాంటనే," అన్నాడు చివరికి. "ఇంటికాడ బోరా ఎత్తితే నా నడుముకు తెలుస్తది గద, ఇది ఇంత ఉంటదని. కాంటా మీద పెడితే ఎన్నడూ అంత ఉండకపోయేది."

"మరి అడగలేదా?"

"అడిగిన."

"సేటునా?"

"మీ అత్తను."

భాను అర్థంకానట్టు చూసింది.

"తక్కువ ఏరినవన్న. చేన్ల కూసొని ముచ్చట్లు పెడ్తున్నవన్న. ఒకయేడు..." దేవ్లా బీడీని వేళ్ల మధ్య నలిపాడు. ఆకు చిట్లి పొడి రాలింది. "ఒకయేడు నాకు తెల్వకుండ మీ అన్నదమ్ములకు పత్తి పంపుతున్నవని అన్న. నలుగురి ముంగట. కాంటా కాడనే."

"అత్త ఏమన్నది?"

"ఏమనలే. తెల్లారి పొద్దుపొడవక ముందే చేన్లకు పోయింది. చీకటిపడ్డంక వచ్చింది. గప్పటి సంది గట్లనే పోతున్నది."

భానుకు ఈ ఇంటికి కోడలిగా వచ్చిన కొత్తల్లో చూసిన జమ్లి గుర్తొచ్చింది. మంచు పడుతుండగానే పత్తిచేలో ఒంటరిగా వంగిన మనిషి. అత్తకు పని మీద అంత ఆరాటమనుకుంది. తండాలో తన ఈడు కోడళ్లకు గొప్పగా చెప్పింది కూడా.

ఓదార్పు మాట ఏదైనా అబద్ధమే అవుతుంది. లోపలికి వెళ్లి నీళ్లు తెచ్చిచ్చింది. దేవ్లా గ్లాసు అందుకున్నాడు. మెట్లెక్కుతున్న కూతురిని చూసి, తాగకుండా పక్కన పెట్టేశాడు.

*

నాలుగింటికి సోని ఒంటి మీది తడి తుడుచుకుని కాంటా ఎక్కింది.

నలభై ఎనిమిదీ నాలుగు వందలు.

"ఇంకో అరగంట," అంది. మాట ముద్దగా వచ్చింది. దిగబోయి తూలింది. తిరుపతి పట్టుకున్నాడు.

"ఇంక చాలు," అన్నాడు. "నేను సార్‌కు ఫోన్ చేస్త."

"వదులన్నా."

"ఎవడి కాంటకో నువ్వెందుకే చచ్చుడు?"

"వదులు!" సోని రెయిన్‌కోటు మళ్లీ తొడుక్కుంది.

అప్పుడే కింద కారు ఆగింది. వెనకాల చిన్న ట్రాలీ ఆటో. మెట్ల మీద బరువైన అడుగులు వినిపించాయి. వెంకటనారాయణ తెల్లచొక్కాలో, చేత్తో రెండు కొబ్బరి బోండాలు పట్టుకుని పైకొచ్చాడు. దేవ్లా అలవాటుగా లేచి నిలబడ్డాడు. నిలబడ్డాక, ఎందుకు లేచాడో తెలియనట్టు గోడ పట్టుకున్నాడు.

"ఏమ్మా సోనీ, ఇలా వాడిపోయావేంటి తల్లీ? జిల్లా పరువంతా నీ చేతుల్లోనే ఉంది. ఇవిగో, బరువు చూడటం అయ్యాక తాగు." బోండాలు గుమ్మంలో పెట్టాడు. "దేవ్లా, ఎక్కండి, కార్లో దింపేస్తాను. హాలుకే పోతున్నా."

వెంకటనారాయణ కళ్లు నేల మీది కాంటా మీద ఆగాయి. దాని పక్కనున్న ఇనప బిళ్ల మీద ఆగాయి.

"ఎంతుంది?"

"మా సార్ కాంటా మీద నలభై ఎనిమిదిన్నర లెక్క," అన్నాడు తిరుపతి. "మీ కాంటా మీద ఎంతో మీరే చెప్పాలె."

"తిరుపతీ," అంది భాను, భర్తను ఎన్నడూ పేరుపెట్టి పిలవనిది.

వెంకటనారాయణ కోపగించుకోలేదు. కళ్లజోడు తీసి చొక్కా అంచుతో తుడుచుకున్నాడు.

"కాంటా అన్నాక కాస్త అటూ ఇటూ ఉంటుందయ్యా. చెయ్యి పెడితే సర్దుకుంటుంది. ఎటు కావాలంటే అటు." కళ్లజోడు పెట్టుకున్నాడు. "సంఘం కాంటా పాడైందని పొద్దున ఫోన్ చేశారు. జయప్రకాశ్ కాంటా పనికిరాదు, ఆయన నేర్పిన పిల్లలు ఆడుతున్నారు కదా, మిగతా జిల్లాలవాళ్లు ఊరుకోరు. అందుకని నాదే తెప్పించా. తండాలోది. అదిగో, ఆటోలో ఉంది."

సోని కిటికీలోంచి చూసింది. ట్రాలీలో గోనెపట్టా కప్పిన కాంటా. మూల పట్టా తొలిగి, పత్తి పింజ అంటిన ఇనప పలక కనబడుతోంది.

"నీకు అలవాటైందే," అన్నాడు వెంకటనారాయణ. "దాని మీద నువ్వెప్పుడూ నలభై ఎనిమిదే. ఇవాళ మాత్రం ఎందుకు తేడా రావాలి? ఆ పరుగులవీ ఆపి, కాసేపు కూర్చో తల్లీ. నేను కింద ఉంటా."

ఆయన దిగి వెళ్లాడు. కారు తలుపు పడిన చప్పుడు వినిపించింది.

మొదట కూర్చున్నది సోని. నేల మీద చతికిలబడింది. అరగంటలో నాలుగు వందల గ్రాములు పోవని ఆమె ఒంటికి తెలుసు. పోనక్కర్లేదని ఇప్పుడే విన్నది. రెయిన్‌కోటు గుండీ ఒకటి విప్పింది. రెండోది విప్పడానికి చెయ్యి పోలేదు.

భాను అత్తగారిని చూసింది. జమ్లి కొబ్బరి బోండాలను చూస్తోంది, వాటిలో పాము ఉన్నట్టు.

అప్పుడు దేవ్లా గదిలోకొచ్చాడు. వంగి ఇరవై కిలోల బిళ్లను రెండు చేతులతో లేపి, బోరా ఎత్తుకున్నట్టు భుజానికెత్తుకున్నాడు.

"ఎటు మామా?" అంది భాను.

"హాలుకు. పిల్లలను లోపలికి పిలవకముందు కాంటా దించుతరు గద. అందరి ముంగట దాని మీద ఇది పెడ్త."

"బా!" అన్నాడు తిరుపతి తండ్రితో. ఆ పిలుపులో సంతోషమో భయమో భానుకు తెలియలేదు.

"బా," అంది సోని. లేవలేదు. "అది పెడితే ఇంకో మంచి కాంటా తెస్తరు. మంచి కాంటా మీద నేను పోయినట్టే."

దేవ్లా ఆగాడు. బిళ్ల బరువుకు మెడ ఒకపక్కకు వంగింది. ఆ వంగిన మెడతోనే భార్య వైపు చూశాడు. పదకొండేళ్లలో ఆమె ముఖంలోకి నేరుగా చూడటం అదే మొదటిసారేమో, జమ్లి తడబడి కొంగు సర్దుకుంది.

"నా కోసమైతే వద్దు," అంది జమ్లి. "నేను ఎన్నడన్న అడిగిన్నా నిన్ను?"

"అడగలే."

"మరి దించు."

దేవ్లా దించలేదు. కూతురి ముందుకొచ్చి నిలబడ్డాడు. చెమట తుడుచుకోవడానికి ఖాళీ చెయ్యి లేదు.

"నాలుగేండ్లు ఆటకు కష్టపడ్డది నువ్వు. నేనెట్ల చెప్త? నువ్వు చెప్పు బిడ్డా. దించమంటే దించుత. ఇంక ఈ జన్మల ఆ మాట ఎత్త."

కింద కారు హారన్ మోగింది. ఒకసారి. కాసేపాగి, ఇంకోసారి.

సోని తండ్రి భుజం మీది బిళ్లను చూసింది. దాని కింద నలుగుతున్న పాత చొక్కాను చూసింది. తర్వాత పక్కనే కూర్చున్న తల్లి చేతులను చూసింది. ఆట వదులుకుని నేల కొట్టడానికన్నట్టు కుడి అరచెయ్యి ఎత్తింది. నేలకు జానెడు ఎత్తులో ఆ చెయ్యి అలాగే ఆగింది.